అరాన్ దీవుల్లో ఒక రాత్రి హాస్టల్‌లో ఉండాలా, సాయంత్రం బోటుకే వచ్చేయాలా?

కృష్ణాతీరం
జూన్ బ్యాంక్ హాలిడేకి, అంటే మూడు రోజుల సెలవుకి, నలుగురం డబ్లిన్ నుంచి ఐర్లండ్ పడమటి తీరంలోని అరాన్ దీవులకు వెళ్దామనుకుంటున్నాం. అందరం మాస్టర్స్ స్టూడెంట్లమే, వారానికి 20 గంటల పార్ట్‌టైమ్ డబ్బులతో నెట్టుకొస్తున్నాం. బస్సు, బోటు, బెడ్డు, తిండి అన్నీ కలిపి తలకి 150 యూరోలు దాటకూడదు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, ఇద్దరేమో "గాల్వే నుంచి పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేద్దాం, ఆ దీవిలో రాళ్లు తప్ప ఏమున్నాయి" అంటున్నారు. నాకు మాత్రం ఒక రాత్రి అక్కడే ఉండాలని ఉంది. పెద్ద దీవి ఇనిష్ మోర్‌లో హాస్టల్ చూస్తే డార్మ్ బెడ్డు 40 దాటింది. అంత పెట్టడం దండగా? అసలు మూడు దీవుల్లో ఏది మేలు? మాలో ఒకమ్మాయి గుడ్డు కూడా ముట్టదు, ఆమెకి తిండి దొరుకుతుందా? ఇంకోటి, టికెట్ సైట్‌లో బోటెక్కే రేవు పేరు రోసవీల్ అని ఉంది, రోడ్డు బోర్డుల మీద రోస్ అన్ వీల్ అని ఉంటుందట. రెండూ ఒకటేనా?

బెంజిసర్కిల్_బుజ్జి
డే ట్రిప్ చాలు బ్రో. సైకిల్ తీసుకో, కోట చూడు, ఫొటోలు దిగు, బోటెక్కు. ఆ 40 యూరోలకి గాల్వేలో నలుగురూ కడుపునిండా తినొచ్చు.

గాల్వే_లత
బుజ్జి గారూ, మీరు చెప్పినట్టే అందరూ చేస్తారు. అందుకే మధ్యాహ్నం వేళ ఇనిష్ మోర్‌లో సైకిల్ పెట్టడానికి చోటు దొరకదు. పొద్దున బోటు దిగిన జనమంతా కిల్‌రోనన్ రేవు నుంచి ఒకే దారి పట్టి డూన్ ఏంగసా కోటకి పోతారు. ఒక్కోసారి క్రూయిజ్ షిప్పు కూడా వచ్చి లంగరేస్తుంది, ఇక చెప్పక్కర్లేదు. మొత్తం దీవి జనాభా 2022 లెక్కల్లో 820. వచ్చే జనం అంతకి మించిపోతారు.

సాయంత్రం బోటు వెళ్లిపోయాక ఊరు ఊరిలా ఉంటుంది. జూన్‌లో రాత్రి 10 దాకా వెలుతురే. తిని 6 గంటలకి సైకిలెక్కినా నాలుగు గంటల పగలు మీ చేతిలో ఉంటుంది. సముద్రం పక్కన కింది రోడ్డు పట్టండి, అంతా చదును. మధ్యలో సీల్స్ అనే సముద్రపు జంతువులు ఎండకి పడుకునే చోటు ఒకటుంది, పొద్దుటి గోల లేనప్పుడు అవి కదలకుండా అక్కడే ఉంటాయి. పై రోడ్డు ఎత్తు, దాన్ని తిరుగు ప్రయాణానికి పెట్టుకోకండి, కాళ్లు పోతాయి.

కోటకి టికెట్ ఉంది, ఆఫీసు సాయంత్రం మూసేస్తారు. కాబట్టి దాన్ని మర్నాడు పొద్దున తెరవగానే చూసేయండి. కిల్‌రోనన్ నుంచి 7 కిలోమీటర్ల చిల్లర, ఆపైన ఓ ఇరవై నిమిషాలు రాళ్ల మీద ఎక్కాలి. మొదటి బోటు జనం అక్కడికి చేరేలోగా మీరు కిందికి దిగిపోతారు. రాత్రి అక్కడ ఉన్నవాళ్లకే ఈ సుఖం.

లిమరిక్_రాజా
రోసవీల్, రోస్ అన్ వీల్ ఒకటే తమ్ముడూ. అది గేల్‌టక్ట్ ప్రాంతం, అంటే ఐరిష్ మాట్లాడే ఊళ్లు. 2005 నుంచి అక్కడి రోడ్డు బోర్డుల మీద ఐరిష్ పేర్లే ఉంటాయి. మ్యాప్‌లో ఇంగ్లిష్ పేరు కొట్టి, కళ్లతో ఐరిష్ పేరు వెతుక్కోవాలి. దిగే ముందు డ్రైవర్‌ని అడిగినా చెప్తాడు.

కృష్ణాతీరం
లతక్కా, ఈ ముక్క మావాళ్లకి చూపించాను. ఒకడు కాస్త మెత్తబడ్డాడు. ఇంకొకడు "సీల్స్ డబ్లిన్‌లో హౌత్ రేవులో కూడా ఉన్నాయి" అంటున్నాడు 😀

గాల్వే_లత
హౌత్‌లో చేపల కొట్టు ముందు తిండి కోసం చూస్తాయి. ఇక్కడ వాటి ఊళ్లో అవి ఉంటాయి. ఆయనకి అలా చెప్పండి.

పల్నాటి_కుర్రోడు
"రాళ్లు తప్ప ఏమున్నాయి" అన్నవాళ్లకి నా జవాబు: ఆ రాళ్లే చూడాలి. మాది మాచర్ల వైపు. నాపరాళ్లు పేర్చిన చేలగట్లు చూస్తూ పెరిగినవాణ్ని, ఇనిష్ మోర్‌లో దిగగానే మా మేనమామ పొలానికి వచ్చినట్టు అనిపించింది. అక్కడా సున్నపురాయే, ఎదురుగా క్లేర్ ఒడ్డున ఉన్న బరెన్ ప్రాంతపు రాయి సముద్రం కింద నుంచి సాగి ఇక్కడ పైకి తేలింది.

ఒక గోడ దగ్గర ఆగి చూడండి. సిమెంటు లేదు, మట్టి లేదు. రాయికీ రాయికీ మధ్య సందులు, అవతలి గడ్డి కనిపిస్తుంది. గాలి ఆ సందుల్లోంచి పోతుంది కాబట్టే అంత తుఫాన్లకీ గోడ నిలబడుతుంది. ఇక గేట్లు దాదాపు ఉండవు. ఒక పెద్దాయన ఆవుని చేలోకి తోలడానికి గోడలో ఒకచోట రాళ్లు తీసి పక్కన పెట్టి, ఆవు లోపలికి పోయాక మళ్లీ ఒక్కొక్కటీ పేర్చడం చూశాను. తడుముకోలేదు, ఏ రాయి ఎక్కడిదో చేతికి తెలుసు. ఇంకా ఆ చేలో మట్టి కూడా పూర్వం వాళ్లు చేసుకున్నదే, ఇసుక, సముద్రపు నాచు మోసుకొచ్చి బండల మీద పరిచి పంట వేశారు.

ఇది చూడాలంటే డే ట్రిప్‌లో కుదరదు. మినీబస్సు ఆగదు, సైకిల్ వాళ్లకి బోటు టెన్షన్.

రెండు_చపాతీలు
పల్నాటి అన్నా, కడుపు నింపావు. ఇప్పుడు నిజం కడుపు సంగతి.

కిల్‌రోనన్‌లో స్పార్ సూపర్‌మార్కెట్ ఉంది. పాలు, పెరుగు, బ్రెడ్, బంగాళాదుంపలు, ఉల్లిపాయలు దొరుకుతాయి. మన పప్పులు, కూర పొడులు ఆశించొద్దు, గాల్వేలోనే కొనుక్కోండి. హాస్టల్ వంటగదిలో పొయ్యి, గిన్నెలు, ప్లేట్లు ఉంటాయి, అందరూ వాడుకోవచ్చు. ఉప్మా రవ్వ ఇంటి దగ్గరే వేయించి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి కలిపేసి డబ్బాలో పట్టుకెళ్లండి. అక్కడ నీళ్లు మరిగించి పోయడమే. పోపు మాత్రం అక్కడ పెట్టకండి. ఎండుమిర్చి ఘాటుకి స్మోక్ అలారం మోగితే హాస్టల్ మొత్తం వర్షంలో బయట నిలబడాలి.

గుడ్డు తినని అమ్మాయి కేఫ్‌లో సూప్ తీసుకుంటే చికెన్ నీళ్లతో చేశారా అని అడగాలి. కూరగాయల సూప్ అన్నా ఒక్కోచోట అదే పోస్తారు. బ్రౌన్ బ్రెడ్‌లో గుడ్డు వేస్తారో లేదో కూడా అడగండి, విసుక్కోకుండా చెప్తారు.

బెంజిసర్కిల్_బుజ్జి
ఉప్మా తినడానికి అట్లాంటిక్ మధ్యలోకి పోవాలా 😂

రెండు_చపాతీలు
చలిగాలిలో సైకిల్ తొక్కి వచ్చాక ఆ ఉప్మాలో ఆవకాయ నంజుకుని చూడు బుజ్జీ, అప్పుడు మాట్లాడదాం. మా డార్మ్‌లో ఉన్న జర్మన్ అమ్మాయి ఆవకాయ అడిగి మరీ బ్రెడ్ మీద రాసుకుంది.

కార్క్_బాబాయ్
అందరూ మంచే చెప్తున్నారు, రెండో వైపు నేను చెప్తాను. పోయినేడు శరదృతువులో ఇద్దరు పిల్లలతో చిన్న దీవి ఇనిష్ ఈర్‌కి హాస్టల్ బుక్ చేశాం. పొద్దున రేవుకి చేరితే అలలు ఎక్కువున్నాయని బోటు రద్దు. బోటువాళ్లు డబ్బు వెనక్కిచ్చారు. హాస్టల్ డబ్బు రాలేదు, నాన్ రిఫండబుల్ అట. నేను రాకపోవడం నా ఇష్టమా? బోటు లేదని వాళ్లకీ తెలుసు కదా. ఫ్యామిలీ రూమ్ కాబట్టి బాగానే పోయింది. ఒక రాత్రి ఉండాలనుకునేవాళ్లు ఈ రిస్కు లెక్కలో వేసుకోవాలి.

గాల్వే_లత
బాబాయ్, మీ బాధ న్యాయమే. కానీ సీజన్, దీవి రెండూ చూడాలి. రోసవీల్ నుంచి ఇనిష్ మోర్ బోటు ఏడాది పొడుగునా నడుస్తుంది. కిల్‌రోనన్ రేవు ఒక కడుపులాంటి వంపులో ఉంది కాబట్టి గాలి తాకిడి తక్కువ. మిగతా రెండు దీవులు ఇనిష్ మాన్, ఇనిష్ ఈర్‌ల రేవులకి ఆ అండ లేదు, అక్కడ ఆగకుండా బోటు వెనక్కి తిరిగిన రోజులు ఉన్నాయి. జూన్‌లో ఇనిష్ మోర్‌కి ఈ భయం తక్కువ.

లిమరిక్_రాజా
బుకింగ్ సైట్‌లో చేయకుండా హాస్టల్‌కే ఫోన్ చేసి బుక్ చేసుకుంటే బోటు రద్దయినప్పుడు తేదీ మార్చడానికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. సైట్ ద్వారా చేస్తే "మా చేతిలో లేదు" అంటారు. ముందే అడగండి, మెయిల్‌లో రాయించుకోండి.

కార్క్_బాబాయ్
రాజా చెప్పింది సరైన మాట. మెయిల్‌లో ఉంటే మాట మార్చరు.

నర్సమ్మ
గాల్వేలో ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. దీవిలో చిన్నచిన్న వాటికి వైద్యం ఉంది. ఎముక విరిగినా, తలకి దెబ్బ తగిలినా హెలికాప్టర్‌లోనో లైఫ్‌బోట్‌లోనో గాల్వే తీసుకురావాల్సిందే. కిల్‌రోనన్‌లో లైఫ్‌బోట్ స్టేషన్ ఉంది, రాత్రీ పగలూ పిలిస్తే వచ్చేది ఆ ఊరి వలంటీర్లే.

అందుకే రెండు మాటలు. డూన్ ఏంగసా కోట అంచున కంచె లేదు, రెయిలింగ్ లేదు. కింద దాదాపు 100 మీటర్ల లోతు, నేరుగా సముద్రం. సెల్ఫీ కోసం అంచుకి వెళ్లకండి. చూడాలనిపిస్తే బోర్లా పడుకుని పాకుతూ వెళ్లండి, అది కూడా గాలి లేనప్పుడే. రెండోది, పోల్ న బేష్ట్ అని రాతిలో కొలత పెట్టి కోసినట్టుండే నలుచదరపు మడుగు ఒకటుంది. పక్కన బండలు నాచుతో జారుతాయి, అల హఠాత్తుగా పైకొస్తుంది. ఆ మడుగులో దిగకండి. ఏమైనా అయితే 112 కొట్టి కోస్ట్‌గార్డ్ అని చెప్పండి. ఇంట్లో మన అమ్మానాన్నలు ఎంత దూరంలో ఉన్నారో ఒక్కసారి తలుచుకోండి.

పల్నాటి_కుర్రోడు
అక్కా, మీ పోస్టు పైన పిన్ చేయాలి. ఒక్కటి కలుపుతా: ఆ కోట బయట నిలువుగా పాతిన పదునైన రాళ్ల వరస ఉంది, శత్రువులు పరిగెత్తి రాకుండా. క్రీస్తుపూర్వం 1100 నాటికే ఆ గుట్ట మీద మనుషులు గోడ కట్టుకున్నారు. ఆ రాళ్ల మీదికెక్కి ఫొటోలు దిగొద్దు, కాళ్లూ పోతాయి, కోటా పాడవుతుంది.

ఒంటరి_బాటసారి
ఇనిష్ ఈర్‌కి ఎవరూ ఓటేయడం లేదా? మూడింట్లో చిన్నది, నడిచి చుట్టేయొచ్చు, సైకిల్ డబ్బు మిగులు. హాస్టల్ రేవుకి దగ్గర్లోనే. తెల్లటి ఇసుక బీచ్ ఉంది. అవతలి ఒడ్డున ప్లాసీ అనే ఓడ తుప్పు పట్టి బండల మీద నిలబడి ఉంటుంది. 1960 మార్చిలో తుఫానులో చిక్కుకుంటే దీవివాళ్లు ఒడ్డు నుంచి తాడు విసిరి సిబ్బంది 11 మందినీ ఒక్కొక్కరినీ లాగి బతికించారు. ఆ తర్వాత ఇంకో తుఫాను ఓడనే ఎత్తి నీళ్లకి దూరంగా పైన పెట్టింది. దగ్గర నిలబడితే ఇనుము పొరలుపొరలుగా ఊడి, చిల్లుల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. నాకు కోట కన్నా అదే గుర్తుండిపోయింది.

తెనాలి_టీచర్
ఇనిష్ ఈర్ బాగుంటుంది, కానీ జూన్ మొదలయ్యాక బెడ్డు దొరకడం కష్టం. బళ్లు మూసేయగానే దేశం నలుమూలల నుంచి పిల్లలు ఐరిష్ నేర్చుకోవడానికి వారాల తరబడి అక్కడికి వస్తారు. ఊరి ఇళ్లలోనే ఉంటారు, ఆ ఇంటి అమ్మే వండి పెడుతుంది. ఇంగ్లిష్ మాట్లాడుతూ పట్టుబడితే ఇంటికి పంపేస్తారని పిల్లల్లో పెద్ద భయం. ఆ ఇళ్లకి వేసవి ఆదాయం అదే. ఇంకా ఎండాకాలం అక్కడ నీటికి కటకట, కొన్నేళ్లు రాత్రిపూట సరఫరా ఆపేశారు. హాస్టల్‌లో స్నానం త్వరగా ముగించండి.

మౌనంగా_మౌనిక
నాకొకటి ఇబ్బందిగా అనిపించింది, ఎవరూ ఏమనుకోవద్దు. మేం కొట్టులోకి వెళ్లగానే కౌంటర్ దగ్గర ఇద్దరు ఐరిష్‌లో మాట్లాడుకున్నారు. మా గురించేనేమో అని అక్కడినుంచి త్వరగా వచ్చేశాం.

తెనాలి_టీచర్
మౌనికా, మీరు రాకముందు కూడా వాళ్లు అదే భాషలో మాట్లాడుకుంటూ ఉండి ఉంటారమ్మా. అది వాళ్ల ఇంటి భాష. డబ్లిన్ బస్సులో మనం ఫోన్‌లో అమ్మతో తెలుగులో మాట్లాడేటప్పుడు పక్కవాళ్ల గురించి మాట్లాడతామా? 2022 లెక్కల ప్రకారం బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు దేశం మొత్తం మీద 72 వేల లోపే. గేల్‌టక్ట్ ఊళ్లలో అయితే 20 వేల చిల్లర. అంత తక్కువమంది మిగిలిన భాషని కొట్టు కౌంటర్ దగ్గర కూడా ఆపేసి మనకోసం ఇంగ్లిష్‌లోకి మారమనడం నాకు తప్పుగా అనిపిస్తుంది. మీరు అడిగితే ఇంగ్లిష్‌లోనే జవాబిస్తారు, అందరికీ వచ్చు.

బెంజిసర్కిల్_బుజ్జి
టీచర్ గారూ, ఆమె భయపడిందంది గానీ ఆపమనలేదు కదా. కొత్త దేశంలో నలుగురు మనవైపు చూస్తూ తెలియని భాష మాట్లాడితే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఈ మధ్య డబ్లిన్‌లో మనవాళ్ల మీద దాడులు జరిగాక ఆ జంకు ఇంకా ఎక్కువైంది.

తెనాలి_టీచర్
అది నిజమే బుజ్జి గారూ. మౌనికా, నీ భయం తప్పనలేదమ్మా. ఈసారి వెళ్లినప్పుడు సరుకు తీసుకుని "గొ రెవ్ మహ అగత్" అను, థాంక్స్ అన్నమాట. మొహాలు ఎలా వెలుగుతాయో చూడు.

మౌనంగా_మౌనిక
ఈ మాటలు విన్నాక మళ్లీ వెళ్లాలనిపిస్తోంది. నోరు తిరగడానికి ప్రాక్టీస్ చేస్తా.

లెటర్‌కెన్నీ_శ్రీను
అందరూ అరాన్ అరాన్ అంటున్నారు. నిజంగా దూరం పోవాలంటే మా డొనెగల్ వైపు టోరీ దీవికి రండి. మాహెరార్టి రేవు నుంచి బోటు ముప్పావు గంట. 2022లో జనాభా 141. చెట్లు లేవు. 1974లో తుఫాన్ల వల్ల వారాల తరబడి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. అయినా ఊరు ఖాళీ చేయకుండా నిలబడ్డారు. వాళ్లకి ఒక రాజు ఉండే ఆనవాయితీ ఉంది. చివరి రాజు ప్యాట్సీ డ్యాన్ రాజర్స్ చిత్రకారుడు, అకార్డియన్ వాయించేవాడు, దీవికి వచ్చినవాళ్లని రేవులోనే పలకరించేవాడు. 2018లో పోయాడు.

కృష్ణాతీరం
శ్రీనన్నా, వింటుంటే ఆశగా ఉంది. డబ్లిన్ నుంచి రైలు ఉందా?

లెటర్‌కెన్నీ_శ్రీను
డొనెగల్‌లో అసలు రైలు లేదు తమ్ముడూ. బస్సులో సగం రోజు పోతుంది. మూడు రోజుల సెలవులో కంగారు పడతారు. సెప్టెంబర్‌కి పెట్టుకోండి, నేనే రేవు దాకా దింపుతా.

రెండు_చపాతీలు
బడ్జెట్ లెక్క ఎవరూ వేయలేదు, నేను వేస్తా. డబ్లిన్–గాల్వే బస్సు రానుపోను 30 దగ్గర. బోటు స్టూడెంట్ కార్డుతో 30 అటూఇటూ. గాల్వే నుంచి రోసవీల్ షటిల్ బస్సు 10 అనుకోండి. బెడ్డు 42. సైకిల్ 15 నుంచి 20. తిండి మనం పట్టుకెళ్తే 10, కోట టికెట్ 5. మొత్తం 150 లోపే. డే ట్రిప్ అయితే బెడ్డు ఒక్కటే మిగిలేది. ఒకే బోటు ఛార్జీకి రెండు రోజుల దీవి వస్తోంది కదా, అలా చూడండి.

బెంజిసర్కిల్_బుజ్జి
ఈ లెక్క ముందే వేసుంటే నేను వాదించేవాణ్ని కాదు. ఒప్పుకుంటున్నా, పోయేదాకా పోయి రాత్రి ఉండకపోతే బోటు డబ్బు దండగ.

ఒంటరి_బాటసారి
టెంట్ ఉంటే ఇంకా చవక, ఇనిష్ మోర్‌లో క్యాంపింగ్ చోటు ఉంది. కానీ గాలికి మామూలు టెంట్ నిలబడదు, కొత్తవాళ్లు డార్మ్‌కే పోండి. ఆడపిల్లలు ఉన్నారు కాబట్టి లేడీస్ డార్మ్ ఉందా అని అడగండి, లేకపోతే మిక్స్‌డ్‌లో ఇస్తారు. చెవుల్లోకి దూది, లాకర్‌కి సొంత తాళం పట్టుకెళ్లండి. తెల్లవారుజామున లేచేవాళ్లు బ్యాగు రాత్రే సర్దుకోండి, ప్లాస్టిక్ కవర్ల చప్పుడుకి డార్మ్ మొత్తం లేస్తుంది.

కృష్ణాతీరం
అప్‌డేట్. ఫోన్ చేసి అడిగాను, ఇనిష్ మోర్‌లో మూడు బెడ్లు దొరికాయి, బోటు రద్దయితే తేదీ మారుస్తామని మెయిల్ కూడా పంపారు. బాబాయ్‌కీ రాజన్నకీ థాంక్స్. మేం ముగ్గురం శనివారం రాత్రి ఉంటున్నాం. హౌత్ సీల్స్ ఆయన ఒక్కడే సాయంత్రం బోటుకి గాల్వే వెళ్తాడట, ఎంత చెప్పినా వినలేదు. షటిల్ బస్సు బోటు టికెట్‌లోనే కలిసి ఉంటుందా?

గాల్వే_లత
కలిసి ఉండదు, బుక్ చేసేటప్పుడు బస్సు విడిగా కలపాలి. మీ ముగ్గురి రిటర్న్ తేదీ ఆదివారం అని పెట్టండి, ఆయన టికెట్ శనివారం సాయంత్రానికి వేరేగా చేయండి. నాలుగూ ఒకే బుకింగ్‌లో చేస్తే తేదీ మార్చడానికి ఇబ్బంది పడతారు. బస్సు గాల్వేలో బోటు టైముకి గంటన్నర ముందే బయలుదేరుతుంది, ఆ లెక్కన డబ్లిన్‌లో మొదటి కోచ్ పట్టుకోండి. కిల్‌రోనన్‌లో డబ్బు తీసుకోవచ్చు, ఏటీఎం ఉంది. రెయిన్‌కోట్ బ్యాగు అడుగున కాకుండా పైన పెట్టుకోండి.